గుచ్చుకోని దిండు

శవపేటికల దుకాణంలో ఆమె పని లోపలి గుడ్డ కుట్టడం. కోయడం, చిత్రిక పట్టడం తండ్రీ, బాబాయీ చూసుకునేవారు. వాళ్లు పెట్టె బిగించాక, తెల్లగుడ్డని మడతలు మడతలుగా చిన్న మేకులతో అంచుకి కొట్టి, తలకింద దిండు పెట్టి ఇవ్వాలి. దిండులో కూరేది చిత్రిక కింద రాలిన పొట్టే. దూది పెట్టడం దండగనేవాడు తండ్రి.

పదేళ్లప్పుడు బడి మానిపించి ఈ పనిలో కూర్చోబెట్టాడు. మొదట్లో ఆ పిల్ల, పొట్టులో పదునైన చెక్కపేళ్లు కనిపిస్తే ఏరి పక్కన పెట్టేది. తండ్రి ఒకరోజు అది చూశాడు.

"ఏంటే ఆ ఏరడం? చచ్చినోడికి గుచ్చుకుంటుందా?"

ఆ మాటతోపాటే చెయ్యీ వచ్చింది. ఎడమ చెవిలో గుయ్యిమని మోత మొదలైంది. కొన్నాళ్లకు మోత పోయింది, దాంతోపాటు చెవీ పోయింది. ఆమె ఏరడం మానేసింది.

చర్చిలో అందరూ కలిసి ప్రార్థన చెప్పేటప్పుడు, దేవుణ్ణి 'తండ్రీ' అని పిలిచే చోట ఆమె పెదవులు బిగుసుకునేవి. ఆ తర్వాతి మాట నుంచి గొంతు కలిపేది. పెళ్లీడు దాటిపోతున్నా అది మారలేదు. పాస్టరుగారి భార్య ఒక్కతే దాన్ని పట్టుకుంది.

"ఆ ఒక్క మాటా ఎందుకు మింగేస్తావమ్మా?"

"ఆ మాటంటే నాకు చెయ్యే గుర్తొస్తుందండీ. పైనున్న ఆయనకీ చేతులుంటాయిగా."

అమ్మగారు ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. "కొట్టడంలో మా నాన్నా తక్కువవాడు కాదు తల్లీ. నాకూ ఏళ్లు పట్టింది. చెప్పలేని రోజు ఊరికే నిలబడు. పైనున్న ఆయన తరిమే తండ్రి కాదు."

ఆ మాట ఆమెకు ఊరటనివ్వలేదు, అలాగని మరుపునా పడలేదు.

తరవాత తండ్రికి పక్షవాతం వచ్చింది. నోరు వంకరపోయి మాట పడిపోయింది. దుకాణం వెనక గదిలో మంచం వేసి, ఆమే తుడిచి, ఆమే తినిపించేది. చెంచా నోట్లో పెట్టిన ప్రతిసారీ అతని కళ్లలోకి చూసేది. 'తప్పయిపోయింది' అన్నట్టు ఒక్క చూపు చాలు, ఈ బరువు దించేసుకుందామనుకుంది. అదే దేవుణ్ణి అడుక్కునేది. అతను గోడకేసి చూసేవాడు.

"నోరు బాగున్నప్పుడే మన్నించమని అడగనోడు ఇప్పుడడుగుతాడా? చెక్కని పాలిమ్మంటున్నావే పిచ్చిదానా," అన్నాడు బాబాయి, నవ్వించాలని. ఆమెకు నవ్వు రాలేదు.

ఒక ఉదయం గిన్నె కడుక్కుని వచ్చేసరికి ప్రాణం పోయి ఉంది. మొహం ఇంకా గోడవైపే. ఇక ఎప్పటికీ ఎవరూ ఏమీ అడగరు. ఆమె మంచం కోడు పట్టుకుని కూలబడింది. ఏడుపు కూడా రాలేదు.

మధ్యాహ్నానికి బాబాయి పెట్టె బిగించాడు. ఆమె గుడ్డ కొట్టి, దిండు సంచి తెరిచి, పొట్టులో చెయ్యి పెట్టింది.

"ఏం చేస్తున్నావే?" అన్నాడు బాబాయి కాసేపటికి.

అప్పుడు చూసుకుంది. ఒళ్లో చెక్కపేళ్ల కుప్ప. వేలి కొసన రక్తం.

"చచ్చినోడికి గుచ్చుకోదని ఆయనే అనేవాడుగా," బాబాయి గొంతు తగ్గించాడు.

"తెలుసు బాబాయ్."

చేతులు మాత్రం ఆగలేదు. కోపం గుండెలో ఎక్కడిదక్కడే ఉంది. మరి ఈ మెత్తదనం ఎక్కణ్ణుంచి వచ్చింది? ఈ ఇంట్లో ఎవరూ నేర్పలేదు. అడగనివాడికి, తగనివాడికి ఇలా ఏరిపెట్టడం ఇంకెవరి పద్ధతో. ఇన్నేళ్లూ ఆ ఎవరో తన పక్కన కూర్చుని, తనలో దిగిన పేళ్లని ఒక్కొక్కటే తీస్తున్నారేమో. ఎన్ని తీశారో, ఎన్ని మిగిలాయో! క్షమించానని చెప్పుకునే ధైర్యం ఆమెకు లేదు. దిండు మూతి కుట్టి, తండ్రి తలకింద పెట్టి, మెడ దగ్గర సర్దింది.

సమాధి దగ్గర అందరూ ప్రార్థన మొదలుపెట్టారు. ఆమె పెట్టెకేసి చూడలేదు. కళ్లు మూసుకుంది.

"తండ్రీ..."

ఈసారి ఆమె కూడా పలికింది. ఆ పిలుపు ఆమె కుడిచెవికి మాత్రమే వినిపించింది. ఎడమ చెవిలో ఎప్పటి నిశ్శబ్దమే ఉంది.