ఎండబెట్టి తెమ్మన్న పత్తి

జనగామలో నా అంత గొప్పగా బేరం చెడగొట్టినోడు ఇంకొకడు లేడు. దుకాణాల నడుమ పెరిగినవాణ్ని; మాది కిరాణం, దాంతోపాటు పత్తి కొనుడు. నడక కంటే ముందు నాకు తరాజు పట్టుడు వచ్చిందని మా నాయిన నవ్వేటోడు. పత్తి ఎంత ఎండినదైనా గింజ కొరికి ‘తేమ ఉన్నది’ అనుడు మా ఇంటి విద్య. ఆ మాటతో రైతు ధరల కొంత దిగుతడు. బండి తిప్పుకొని పోయినోణ్ని అప్పటిదాకా చూడలేదు.

తెలంగాణ కోసం బందుల మీద బందులు నడుస్తున్న కాలం. బచ్చన్నపేట దిక్కు నుంచి ఒక అక్క ఎడ్లబండి మీద పత్తి తెచ్చింది. మొగడు లేడు. ఆ ఎడ్లు, కౌలుకు పట్టిన మెట్ట చెలక, అంతే. వానకాలం మొదలయ్యే మిరుగం కార్తె నాడు తినే ఇంగువ, బెల్లం మా దుకాణంలనే కొనుక్కపోయి, మొదటి వానకే విత్తింది. తర్వాత నెల దాకా చినుకు లేదు. గింజలు భూమిలనే మాడినయి. మళ్ళీ విత్తింది. ఈసారి వాన ఆగలేదు. ఏండ్లుగా నెర్రెలు బారిన ఊరి చెరువు నిండి మత్తడి దుంకింది. సగం చేను నీళ్ళల్ల కుళ్ళింది. మిగిలింది ఆ బండెడు పత్తి.

"రెండోసారి విత్తనాలకు ఎడ్ల మీద అప్పు తెచ్చిన సేటూ. ఇది అమ్మితేనే అవి నాయి," అన్నది.

గింజ కొరికిన. టక్కుమన్నది. అంత ఎండిన గింజ ఆ ఏడు నా పంటికి తగలలేదు.

"జర తేమ ఉన్నదక్కా. ఎండబెట్టి తే."

దిగుతదని చూస్తున్న. ఆమె పత్తిల చెయ్యి పెట్టి చూసుకున్నది.

"గట్లనా? ఈ వానలకు నా చేతులకే ఏం తెలుస్తలేదు. నువ్వంటున్నవంటే ఉంటది తియ్."

బండి తిప్పింది. వెనక్కి పిలిస్తే పొడి పత్తి ధర పూరా ఇయ్యాలె. పిలవలేదు. దానికి తోడు నా సలహా ఒకటి, పుక్కట్ల: "కల్లంల పరువు. దీపావళి దాటింది, ఇంక వానెక్కడిది."

తెల్లారి నుంచి బంద్, ఎండినా తెచ్చి అమ్మే దారి లేదు. దుకాణాలు తెరిచేలోపు మబ్బు పట్టింది. కార్తీకంల అంత కొట్టుడు వాన మా నాయిన కూడా ఎరగడు.

ఆమె మళ్ళీ వచ్చినప్పుడు పత్తి నల్లబడ్డది, గింజలకు మొలకలొచ్చినయి.

"ఇప్పుడున్నది సేటూ తేమ," అన్నది. ఎకసెక్కం కాదు. నేను అడగకముందే నిజం చెప్పింది.

దిండ్లకు పనికొస్తదని అగ్గువకు తీసుకున్న. ఎడ్లు అప్పులోనే పోయినయి. మరుసటేడు మళ్ళీ కరువు. చెలక వదిలి పట్నంల సిమెంటు పనికి పోయిందని విన్న.

ఈ నష్టంల తప్పును చాన్నాళ్ళు ఎండకు కొంత, వానకు కొంత పంచిన. కానీ ఆ రెండూ దాటి ఆ పత్తి నా తరాజు ముందుకు పొడిగనే వచ్చింది. వెనక్కి పంపింది నేను. అందులో నాకు పోయింది ఒక బేరం. ఆమెకు పోయినయి ఎడ్లు, చెలక.