గుమ్మానికి వేలాడిన చెంచాలు

ఉదయగిరిలో ఖాదర్‌బీ ఇంటికి ఎవరు పోయినా గుమ్మం దాటకముందే నెత్తికి చెక్క చెంచాలు టకటకమని తగిలేవి. దారానికి గుచ్చి వేలాడదీసింది ఆమే. ఒకదానికి కాడ విరిగి ఉండేది, ఒకదాని గుంటకు అడుగున చిల్లు. ఇంకొకదాన్ని చూస్తే ఇది చెంచానా, దువ్వెనా అని అడగబుద్ధయ్యేది. మంచివన్నీ ఆత్మకూరు బజారుకు అమ్మకానికి పోతే, చెడినవి మాత్రం ఆమె ఇంటికి తోరణాలు.

"ఇదేం సోకు ఖాదర్‌బీ? పొయ్యిలో పెడితే టీ అన్నా కాగుతాది గదా!" అని ఎగతాళి చేసేవాళ్లు.

"కాల్చేస్తే ఎట్ట చెడినాదో ఎవురికి గుర్తుంటాది?" అనేది ఆమె.

భర్త సుభాన్ కొండ నుంచి నర్ది చెట్టు కర్ర తెచ్చి బాడిసతో చెక్కి ఇస్తే, ఆమె ఉలి పట్టి చెంచాలు తీసేది. వీధిలో ఆడపిల్లలకూ నేర్పేది. ఆమె దగ్గర ఒకటే కట్టుబాటు. చెంచా చెడగొట్టినవాళ్లే దాన్ని దారానికి గుచ్చాలి, చెయ్యి ఎక్కడ జారిందో అందరి ముందూ చెప్పాలి. నవ్వుకోవచ్చు. తిట్టడం మాత్రం లేదు. "నీ చేతులిరగ" అని ఎవరైనా నోరు జారారో, ఆ పూట వాళ్లకు టీ బంద్!

ఎనభైల మొదట్లో హసన్‌బీ అక్క వరసన ఆపా అని పిలుస్తూ ఆమె దగ్గర పనికి చేరింది. సంగం ఊళ్లో వరినాట్ల మధ్య పెరిగిన పిల్ల, ఉదయగిరి కోడలై వచ్చాకే ఉలి ముఖం చూసింది. అత్త చాంద్బీ నోటికి వీధి వీధంతా జడిసేది. అయినా హసన్‌బీ పట్టుబట్టి నేర్చుకుంది. చక్కగా కుదిరిన తొలి చెంచాను అమ్మనివ్వలేదు. "ఇది నా బిడ్డకు ఆపా" అని కొంగున కట్టుకుని పోయింది.

ఆ బిడ్డ జానీ బాషాకు ఓసారి దగ్గు పట్టుకుంది. ఆ వీధి చివర మందుల గది నడిపే నర్సు రెబెకమ్మ ఓ సీసా ఇచ్చి, పొద్దున ఒక చెంచా, రాత్రికి ఒక చెంచా పొయ్యమంది. తల్లి అలాగే పోసింది. మర్నాటికి పిల్లవాడు ఎంత కుదిపినా కళ్లు తెరవడే! లబోదిబోమంటూ బస్సెక్కించి ఆత్మకూరు తీసుకుపోయారు. మందు ఎక్కువైందని తేల్చి, డాక్టరు ఆస్పత్రిలోనే ఉంచుకుని చూశాడు. దేవుడి దయ, పిల్లవాడు లేచి బిస్కెట్ కావాలని ఏడ్చాడు.

గండం గడిచింది గానీ ఇంట్లో నిప్పు ఆరలేదు. "కన్నతల్లే మందు పోసి పడేసినాది!" అని చాంద్బీ వీధికెక్కింది. మనవణ్ణి తన మంచం మీదికి మార్చుకుంది. హసన్‌బీ చేత్తో బిడ్డకు అన్నం ముద్ద కూడా పెట్టనివ్వలేదు. నర్సమ్మేమో, "నేను చెప్పింది ఒక చెంచానే" అని భీష్మించుకుంది. అన్నిటికన్నా ఘోరం, హసన్‌బీ కూడా అత్త మాటే నమ్మేసింది.

"నా చేతులు మంచివి కావులే ఆపా" అంటూ ఉలి తెచ్చి ఖాదర్‌బీ ముందు పెట్టేసింది.

ఖాదర్‌బీకి ఒళ్లు మండింది. ఎవరు చేశారని ఊరంతా అడిగింది గానీ, ఎట్టా జరిగిందని అడిగిన పాపాన పోలేదే!

"ఏ చెంచాతో పోసినావే?"

"నేను చేసినదే ఆపా."

ఖాదర్‌బీ వెంటనే లేచింది. ఆ చెంచానూ హసన్‌బీనీ వెంటబెట్టుకుని నేరుగా మందుల గదికి పోయింది. రెబెకమ్మ తను మందు కొలిచే స్టీలు చెంచాతో నీళ్లు తీసి ఆ చెక్క చెంచాలో పోసింది. నిండలేదు. మళ్లీ పోసింది. అప్పటికీ నిండలేదు. నర్సమ్మ స్టీలు చెంచా కింద పెట్టేసింది.

"ఏ చెంచా అని నేను అడగనే లేదక్కా" అంది మెల్లగా.

"వీళ్లింట్లో స్టీలుది ఉంటే గదా! గుంట అంత లోతు తవ్వడం నేర్పించినాది నేను. పప్పు వడ్డించేదానికి కావాలని ఆత్మకూరు షాపాయన అడిగినాడని" అంది ఖాదర్‌బీ.

హసన్‌బీ అక్కడే కూలబడి ఏడ్చేసింది. అన్నాళ్లూ గుండెలో బిగబట్టుకున్న ఏడుపు అది. ఖాదర్‌బీ ఆపమనలేదు. ఏడ్చి ఏడ్చి నిమ్మళించాక దారం ముక్క చేతికిచ్చింది. మందులిచ్చే కిటికీ పక్కన మేకుకు హసన్‌బీయే ఆ చెంచాను కట్టి, మందుల కోసం కూర్చున్న ఆడవాళ్లకు జరిగింది చెప్పింది. "నా పొరపాటూ ఉండాది" అని రెబెకమ్మ తన వంతు తను చెప్పుకుంది. ఆ రోజు నుంచి ఇంటి చెంచా తెచ్చి చూపిస్తేగానీ ఆమె ఎవరికీ మందు సీసా ఇచ్చేది కాదు.

స్టీలు చెంచా కొలతకు సరిగ్గా సరిపోయేలా హసన్‌బీ చేతే ఓ బుల్లి చెంచా చేయించి చాంద్బీకి ఇచ్చింది ఖాదర్‌బీ. చాంద్బీ దాన్ని గూట్లో పడేసి ఊరుకుంది. అంత తొందరగా దిగొస్తే ఆమె చాంద్బీ ఎందుకవుతుంది!

చలికాలం వచ్చింది. జానీ బాషాకు మళ్లీ దగ్గు. చూసి పోదామని ఖాదర్‌బీ వెళ్లేసరికి చాంద్బీ ఓ చేతిలో మందు సీసా, ఇంకో చేతిలో ఆ బుల్లి చెంచా పట్టుకుని నిలబడి ఉంది. కాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది. చివరికి రెండూ కోడలి ముందుకు చాపింది.

"ఏమ్మే, నాకు చూపు ఆనడంలా. నువ్వు పొయ్యి."

వీధి చివర ఎవరు పోతున్నా పోల్చుకునే మనిషి! ఖాదర్‌బీకి నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. హసన్‌బీ చెంచా నిండా పోసినా ఒక్క చుక్క ఒలకలేదు. జానీ బాషా చెంచా నాకేసి, తియ్యగా ఉందని ఇంకొంచెం కావాలని మారాం మొదలెట్టాడు.

"ఊరుకోరా" అంది చాంద్బీ, వాణ్ణి తల్లి ఒళ్లోకి తోస్తూ. "మీయమ్మ పొయ్యదులే. దానికి కొలత తెల్సు."