సగం నొక్కి ఆగే అత్తయ్య

అత్తయ్య ఫోటో తీస్తానని కెమెరా ఎత్తిందంటే ఎదురుగా ఉన్నవాళ్ళు ముందు కూర్చోవడానికి చోటు వెతుక్కునేవారు. ఆవిడ ఎత్తడమే తప్ప నొక్కడం అంత తొందరగా జరిగే పని కాదు. "ఆగండి, వెలుగు రానీయండి" అనేది. వచ్చిన వెలుగు వెళ్ళిపోయాక కూడా అదే మాట అనేది. వీధిలో వాళ్ళు ఆవిడ అసలు పేరు మరిచిపోయి ఆగండత్తయ్య అని పిలవడం మొదలుపెట్టారు. ఆవిడ ఆ పేరుకీ పలికేది. కాకపోతే కాస్త ఆగి పలికేది.

ఈ పాపంలో సగం మేనకోడలిదే. ఆ పిల్లకి బజారు మలుపులో చిన్న ఫోటో స్టూడియో ఉంది. అత్తయ్య టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా రిటైరయింది. జీవితమంతా "లైన్లో ఉండండి" అని జనాన్ని ఆపిన మనిషి, ఇక ఇంట్లో ఊరికే కూర్చుని మామయ్యని సరిదిద్దుతూ ఉంటే ఇద్దరి ఆరోగ్యానికీ మంచిది కాదని మేనకోడలు ఒక డిజిటల్ కెమెరా కొనిపెట్టింది. అత్తయ్య చేతికి వచ్చిన మొట్టమొదటి కెమెరా అదే. పెట్టె విప్పి, దాన్ని అటూ ఇటూ తిప్పి, ముందు చెవి దగ్గర పెట్టుకుని చూసింది.

మొదటి పాఠం స్టూడియో వెనకగదిలో జరిగింది.

"ఇది అపర్చరు అత్తయ్యా. కంటిపాప లాంటిది. పెద్దదైతే వెలుగు ఎక్కువ వస్తుంది, చిన్నదైతే తక్కువ. ఇక్కడ సంఖ్య పెరిగితే కన్నం చిన్నదవుతుంది."

"అదేం చోద్యమే? పెరిగితే చిన్నదవడమేంటి?"

"దాని లెక్క అంతే."

"మీ మామయ్య తెలివిలాగా అన్నమాట. ఏళ్ళు పెరిగేకొద్దీ..."

పక్కనే పేపరు చదువుతున్న మామయ్య పేజీ తిప్పాడు.

"షట్టరంటే తలుపు. ఎంతసేపు తెరిచి ఉంచితే అంత వెలుగు లోపలికొస్తుంది. కానీ ఆలోగా ఎవరైనా కదిలారంటే బొమ్మ అలుక్కుపోతుంది. ఇక ఐఎస్ఓ. చీకటిగా ఉన్నచోట దీన్ని పెంచుకోవచ్చు. మరీ పెంచితే మాత్రం బొమ్మ మీద ఇసక చల్లినట్టుంటుంది."

"తెలిసిందిలే. లైను సరిగా లేనప్పుడు గొంతు పెంచితే మాట వినబడుతుంది, దాంతోపాటు గరగరా వినబడుతుంది. అంతేగా?"

మేనకోడలు నోరు తెరిచింది. ఈవిడ వారంలో నా కొట్టుకే ఎసరు పెట్టేలా ఉందే అనుకుంది. ఆ సంబరంలోనే చివరి పాఠం చెప్పింది.

"ఈ మీట ఒక్కసారిగా నొక్కకూడదు. సగం నొక్కి ఆగాలి. పిక్‌మని చప్పుడొస్తుంది. అప్పుడు మిగతా సగం నొక్కాలి."

అత్తయ్య మొదటి సగం ఒంటబట్టించుకుంది. రెండో సగం దగ్గరే వచ్చింది చిక్కంతా.

మొదట బలైనవాడు మామయ్య. ఆయన పొద్దున్నే కిటికీ దగ్గర టీకప్పు పట్టుకుని కూర్చోగానే "కదలకండి, ఆవిరి మీద వెలుగు పడుతోంది" అంటూ అత్తయ్య కెమెరా ఎత్తింది. పిక్‌మంది. ఆయన కప్పు పెదాలకి జానెడు దూరంలో ఆపి చిరునవ్వు పెట్టాడు. నవ్వు చల్లారింది. టీ చల్లారింది. ఆవిరి పోయిందని అత్తయ్య టీ మళ్ళీ వేడిచేసి తెచ్చింది. అప్పటికి ఎండ మీద మబ్బు వచ్చింది.

"ఇంతకీ ఇది తాగేదా, చూపించేదా?" అన్నాడు మామయ్య.

"ఆగండి."

పై వాటాలో కవలపిల్లల తల్లిది ఇంకో కథ. పాపం ఆవిడకి తల దువ్వుకునే తీరిక కూడా ఉండేది కాదు. అత్తయ్య ఆవిడని పిలిచి, మెట్లమలుపులో కిటికీ కింద మెత్తటి దిండు వేసి కూర్చోబెట్టింది. పిల్లలిద్దరినీ మామయ్య ఒళ్ళో పడేసింది. ఒకడు ఆయన కళ్ళజోడు లాగుతుంటే రెండోవాడు దాన్ని నోట్లో పెట్టుకున్నాడు. "ఆగమ్మా, వెలుగు రానీ" అంటూ అత్తయ్య కెమెరా పట్టుకుని నిలబడింది. ఎంతకీ రాని వెలుగు కోసం చూసి చూసి ఆ తల్లి గోడకి తల ఆనించి నిద్రపోయింది.

సాయంత్రం మేనకోడలు అడిగింది. "ఫోటో ఏదత్తయ్యా?"

"నిద్రపోయిందే. నిద్రపోయినవాళ్ళని ఏం తీస్తాను?"

"నీకు కెమెరా కొనిచ్చే బదులు జపమాల కొనివ్వాల్సింది" అంది మేనకోడలు.

కొన్నిరోజులు పొద్దున్నే ఫోను చేసేది అత్తయ్య. "ఏమే, మా వంటింటి గోడ మీదికి వెలుగొచ్చింది. గాజుసీసా నీడ పచ్చగా పడింది. చెరువులో చేపపిల్లలా వణుకుతోంది."

"తీశావా?"

"లేదే. చూస్తున్నా."

ఇద్దరూ కాసేపు ఫోను పెట్టేసేవారు కాదు. మేనకోడలికి అవతల గోడ కనబడకపోయినా, ఆ పచ్చనీడ ఎక్కడో తన కళ్ళలోనే కదులుతున్నట్టుండేది. తర్వాత "కొట్టు తెరవాలి అత్తయ్యా" అని విసుగ్గా పెట్టేసేది.

ఆ కొట్టు పరిస్థితీ అంతంతమాత్రంగానే ఉంది. అందరి జేబుల్లోనూ ఫోను కెమెరా వచ్చాక స్టూడియో మెట్లెక్కేవాళ్ళు తగ్గిపోయారు. అలాంటి సమయంలో పెద్ద లాండ్రీ యజమాని వచ్చాడు. హోటళ్ళ దుప్పట్లన్నీ ఆయన దగ్గరే ఉతుకుతారు. కొత్త బోర్డు మీదికి తన పనివాళ్ళ ఫోటో కావాలట. నచ్చితే ఆ హోటళ్ళ ఫోటో పనులూ ఇప్పిస్తానన్నాడు. సరిగ్గా ఆ ముందురోజే మేనకోడలు స్టూడియోలో తెర కడుతూ స్టూలు మీంచి జారి మణికట్టు బెణికించుకుంది. కట్టుకట్టిన చేత్తో కెమెరా ఎత్తే వీల్లేదు.

"నేను తీస్తానే" అంది అత్తయ్య.

మేనకోడలు వద్దనబోయింది. కానీ వేరే దారి లేదు. "అత్తయ్యా, నీకు దణ్ణం పెడతాను. సగం నొక్కు, వెంటనే మిగతా సగం కూడా నొక్కు. నా కొట్టు నీ వేలి మీద ఉంది."

"అలాగేలేవే."

లాండ్రీ లోపల అడుగు పెడితే మబ్బులోకి నడిచినట్టుంది. ఎత్తయిన కిటికీల కింద పొడుగాటి బల్లలు. వాటి ముందు ఆడవాళ్ళు వరసగా నిలబడి దుప్పట్లు ఇస్త్రీ చేస్తున్నారు. ఆవిరి లేచి, కప్పు దాకా వెళ్ళి, మళ్ళీ మెల్లగా దిగుతోంది. అందులో మనుషుల చేతులు కనబడి మాయమవుతున్నాయి. ఒక అమ్మాయి నిండు నెలలతో ఉంది. ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ ఇస్త్రీపెట్టె తోస్తోంది. ఆ గదిలో ఉన్నది ఒకటే కుర్చీ. అది యజమానిది.

అత్తయ్య అంతా ఒకసారి చూసింది. కెమెరా మెడలోంచి తీయలేదు.

"అందరూ పనిచేస్తున్నట్టు తీయండమ్మా. చేతులు ఆడుతూ ఉండాలి" అన్నాడు యజమాని.

"ఆడితే అలుక్కుపోతాయి బాబూ. షట్టరు సంగతి మీకు తెలీదు. కూర్చోబెట్టి తీయాలి."

"కూర్చోడానికి ఇక్కడేమున్నాయి?"

"ఆ ఉతకాల్సిన మూటలున్నాయిగా. అమ్మాయ్, నువ్వు ఈ కుర్చీలో కూర్చో. కాళ్ళు ఆ చిన్నమూట మీద పెట్టు. అలా పెడితేనే ఫోటోలో నిండుగా ఉంటుంది."

యజమాని ఏదో అనబోయేలోపు అత్తయ్య ఒక తెల్లదుప్పటి ఆయన చేతుల్లో పెట్టింది. "మీరు దీన్ని రెండు చేతులతో పైకెత్తి పట్టుకోండి. కిటికీ వెలుగు దీని మీద పడి వాళ్ళ ముఖాల మీదికి రావాలి." ఆయన మేనకోడలివైపు చూశాడు. అది నిజమే కాబట్టి ఆ పిల్ల తల ఊపింది.

పిక్‌మంది. "ఆగండి" అంది అత్తయ్య.

మేనకోడలు కళ్ళు గట్టిగా మూసుకుంది. అయిపోయింది, కొట్టుకి తాళం పడినట్టే.

మళ్ళీ కళ్ళు తెరిచేసరికి గది మారిపోయింది. ఇస్త్రీపెట్టెల చప్పుడు లేదు. మబ్బు తొలిగిందేమో, కిటికీల్లోంచి ఎండ ఏటవాలుగా దిగి ఆవిరిలో నిలిచిపోయింది. తేనె కలిపిన పాలలా ఉంది గాలి. ఒకావిడ చెప్పులు విడిచి వేళ్ళు చాపుకుంది. ఇంకొకావిడ పక్కావిడ భుజం మీద తల వాల్చింది. కుర్చీలో అమ్మాయి పొట్ట మీద చేతులు వేసుకుని, నోరు కొంచెం తెరుచుకుని, చిన్నపిల్లలా నిద్రపోతోంది. ఇన్నేళ్ళలో మేనకోడలు ఇలాంటి వెలుగు చూడలేదు. మెల్లగా అత్తయ్య పక్కకి జరిగింది.

"అత్తయ్యా, వెలుగొచ్చింది" అంది గుసగుసగా.

"వచ్చిందిలేవే. నాకు కనబడటం లేదా?"

"మరి నొక్కవేం?"

"నొక్కితే లేచిపోతారు." అత్తయ్య కెమెరాలోంచి కన్ను తీయలేదు. "కూర్చోనీ పాపం."

మేనకోడలికి మెట్లమలుపులో నిద్రపోయిన కవలల తల్లి గుర్తొచ్చింది. కట్టుకట్టిన చెయ్యి గుండెకి ఆనించుకుని తనూ ఆ వెలుగు చూస్తూ నిలబడింది.

కాసేపటికి దుప్పటి వణకడం మొదలెట్టింది.

"అమ్మా, ఇంకా ఎంతసేపు?" దుప్పటి వెనకనించి యజమాని గొంతు. "కాళ్ళు లాగేస్తున్నాయి. ఏమైనా వేస్తారా కూర్చోడానికి?"

మూటల మీద అందరికంటే పెద్దావిడ కళ్ళు తెరవకుండానే అంది. "మొదట్లో అలాగే ఉంటుంది బాబూ. పోను పోను అలవాటైపోతుంది."

ఎవరో కిసుక్కుమన్నారు. దుప్పటి కొంచెం కిందికి దిగింది. దాని పైనుంచి యజమాని కళ్ళు కనబడ్డాయి. ఆయన కుర్చీలో నిద్రపోతున్న అమ్మాయి వాచిన పాదాలకేసి చూశాడు. చాలాసేపు చూశాడు. దుప్పటి మళ్ళీ పైకెత్తాడు.

అప్పుడు నొక్కింది అత్తయ్య.

కెమెరా వెనక తెర మీద బొమ్మ చూసి యజమాని పెదవి విరిచాడు. "అందరూ కళ్ళు మూసుకున్నారమ్మా! ఇది బోర్డుకెలా పెట్టేది?"

"నిజమే, చెడిపోయింది" అంది అత్తయ్య, ఎంతో విచారంగా. "వచ్చేవారం మళ్ళీ తీయాలి."

యజమాని తన మోకాళ్ళు రాసుకుంటూ ఆలోచించాడు.

"మధ్యాహ్నం పూట వస్తారా?"

"వెలుగు అప్పుడే బాగుంటుంది."

"అయితే కూర్చోడానికి బల్లలు తెప్పించి ఉంచుతాను. మూటల మీద ఫోటో ఏం బాగుంటుంది?"

లాండ్రీ బోర్డు మీద ఆ ఫోటో ఇప్పటికీ లేదు. వారంవారం తీస్తూనే ఉన్నారు, ప్రతిసారీ ఎవరో ఒకరు కళ్ళు మూసుకుంటూనే ఉన్నారు. ఆ బల్లలు మాత్రం గోడవారగా అక్కడే ఉండిపోయాయి. ఫోటో లేని రోజుల్లోనూ వాటిమీద ఎవరో ఒకరు నడుం వాలుస్తుంటారు. హోటళ్ళ పనులు మేనకోడలికి ఒక్కొక్కటే వస్తున్నాయి. కుర్చీలో నిద్రపోయిన అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది.

మొన్నటి మధ్యాహ్నం మాత్రం అత్తయ్య నొక్కి చూసేసరికి ఆడవాళ్ళంతా చక్కగా కళ్ళు తెరిచే ఉన్నారు. బొమ్మ అద్దంలా వచ్చింది. గదిలో అందరి ముఖాలూ వాడిపోయాయి. అత్తయ్య కెమెరాని అటూ ఇటూ తిప్పి చూసింది.

అప్పుడు వాళ్ళతోపాటే చివరిబల్ల మీద కూర్చున్న యజమాని గొంతు సవరించుకున్నాడు. "సరిగ్గా చూడండమ్మా. నేను మూసుకున్నాను. మళ్ళీ తీయాలి."