కూలర్ తొట్టిలో చావని పురుగులు

శనివారం పొద్దున ఆరున్నరకు మంచిర్యాలలో బండెక్కాను. చంద్రపూర్‌కు ఎందుకంటే, చెబితే సిగ్గుచేటు, ఓర్వలేక. అక్కడ తుకుం అనే పేటలో ఉండే మా పిన్ని కూతురు సువర్ణ కూలర్ నీళ్లలో దోమ లార్వాలను చంపే వీడియో మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో తిరిగింది. మరాఠీ బడిలో పన్నెండు దాకా చదివి, వార్డులో ఆరోగ్య కార్యకర్తగా చేస్తున్న పిల్లను అందరూ "డాక్టరమ్మా" అన్నారు. ఇరవై ఏళ్లుగా జువాలజీ చెబుతున్న నన్ను ఒక్కరైనా అన్నారా ఆ మాట? ఎక్కడో తప్పు దొరక్కపోదని బయల్దేరాను.

దారికని కట్టుకున్న సర్వపిండి సిర్పూర్ రాకముందే అయిపోయింది. "గింత ఎండల చాందకు ఎవరన్న పోతరా బిడ్డా?" అన్నాడు ఎదురు సీటు ముసలాయన. పాతవాళ్లకు చంద్రపూర్ ఇంకా చాందానే. తొమ్మిది దాటాక దిగి, స్టేషన్ బయట తర్రీ పోహా అనే అటుకులు తిన్నాను. మీరు వెళ్తే ఆ కారం పులుసు తక్కువ పోయమనండి. అక్కణ్ణుంచి షేర్ ఆటోలో తుకుం చేరాను.

ఆ వీధిలో ప్రతి కిటికీకీ ఒక కూలర్. "తాయీ, ఆమ్‌చా కూలర్ బఘా", అక్కా మా కూలర్ చూడు, అంటూ గడపగడపకూ సువర్ణకు పిలుపులే. నాకు కడుపు మండింది.

తన ఇంటి కూలర్‌లో చెంచాడు పొడి కలిపి చూపించింది. ఆ పొడిలో ఒక బ్యాక్టీరియా చేసిన ప్రోటీన్ పలుకులుంటాయి. నీళ్లలోని నలుసులతో పాటు లార్వా వాటినీ మింగుతుంది. దాని పేగులో క్షారం ఎక్కువ. అక్కడ పలుకు కరుగుతుంది, జీర్ణరసాలు దాన్ని కత్తిరిస్తాయి, అప్పుడు అది విషమవుతుంది. పేగు గోడ కణాలకు అతుక్కుని చిల్లులు పెడుతుంది. కణాలు ఉబ్బి పగిలి లార్వా చస్తుంది. మన పేగులో అది అతుక్కునే చోటే లేదు. ఇదంతా నేను బోర్డు మీద బొమ్మ వేసి చెప్పేదే. చచ్చిన లార్వాను మాత్రం ఎన్నడూ చూడలేదు.

ఆదివారం ఆరింటికే తొట్టిలోకి తొంగి చూశాను. లార్వాలన్నీ అడుగున పడి ఉన్నాయి. కానీ ఏడెనిమిది పురుగులు పల్టీలు కొడుతున్నాయి! ప్రాణం లేచొచ్చింది. వీడియో తీసి, "పొడి వేసి ఒక రాత్రి గడిచింది, ఇవి ఎంత హుషారుగా ఉన్నాయో చూడండి" అని గ్రూపులో పెట్టేశాను. ఆ తర్వాతే సువర్ణను పిలిచాను.

చాయ్ గ్లాసుతో వచ్చి చూసింది. "గవి ప్యూపాలక్కా, దోమలయ్యే ముంగటివి. తల లావుగ, ఒళ్లు వంకరగ లేదా? గవి ఏం తినయి. తినకుంటే పొడి ఏం జేస్తది? గందుకే గుడ్డల వడగట్టి ఎండల పారవోస్త."

ప్యూపా ఏమీ తినదని ఏటేటా నేను క్లాసులో చెప్పే మాటే. సంబరంలో కళ్లు మూసుకుపోయాయి. వీడియో సంగతి ఆమెకు చెప్పలేదు. చెరిపేద్దామని చూస్తే, "అయితే అంత ఉత్తదేనా డాక్టరమ్మా?" అని మా మామ అప్పటికే సువర్ణను అడిగేశాడు.

రెండింటికి తిరుగు బండి. సువర్ణ పల్లీ లడ్డూలు, పొట్లం పొడి చేతిలో పెట్టి ఎక్కించింది. వీరూర్ స్టేషన్ దాటాక గ్రూపులో ఆమె వాయిస్ మెసేజ్ వచ్చింది.

"మామా, గా వీడియో నేనే తియ్యమన్న అక్కను. గిసుంటివి పొడికి చావయి, వడగట్టాలె అని మీకు చూపెట్టనీకి. గంత చదివిన అక్కకు తెల్వదా?"

వెంటనే నాకు చప్పట్ల బొమ్మలు వరస కట్టాయి. "నువ్వే అసలు డాక్టరమ్మవు" అన్నాడు మామ. ఇన్నాళ్లూ కోరుకున్న మాటే. వెళ్లేటప్పుడు ఆమె పని చూసి కుళ్లుకున్నాను, వచ్చేటప్పుడు ఆమె మనసు చూసి.

జరిగింది ఇదీ అని గ్రూపులో రెండు ముక్కలు రాస్తే సరిపోయేది. సువర్ణకు తెలుగు రాయడం రాదు. నాకు వచ్చు. మంచిర్యాల వచ్చేదాకా నేనూ రాయలేదు.