పండుగనాడు పడ్డ చేపలు

పద్నాలుగు నెలలపాటు నర్మద ఇబ్రహీంపట్నం పెద్ద చెరువులో చేపలు కొలిచింది. పొద్దున్నే తండ్రి సిద్దయ్య తెప్ప దిగగానే వలలోని ప్రతి రవ్వనీ, బొచ్చెనీ తూచి, పొడవు చూసి పుస్తకంలో రాసేది. నెలనెలా ఆ పుస్తకం తన గైడు ధర్మేందర్ సారు బల్ల మీద పెట్టేది. ఒకనాడు ఆ కొలతలన్నీ పేరున్న సైన్సు పత్రికలో అచ్చయ్యాయి. పేర్లు రెండే: సారుది, సారు బావమరిదిది. బావమరిది బొంగులూరులో ప్లాట్లు అమ్ముతాడు. వ్యాసం చివర సన్నక్షరాల్లో ‘స్థానికులకు కృతజ్ఞతలు’ అని ఉంది. అందులో తానూ ఉన్నాననుకుని నర్మద నోరు మూసుకుంది. పీహెచ్‌డీకి సారు సంతకం కావాలి మరి.

ఊరుకుంటే మాత్రం ఊరుకోనిస్తారా? ఆమె థీసిస్ ఇవ్వగానే, కాపీలు పట్టే సాఫ్ట్‌వేర్ అందులో నూటికి ఎనభై ఒక్క వంతులు సారు వ్యాసమేనని తేల్చింది. తన చేపల్ని తానే దొంగిలించిందన్నమాట! విచారణకు కమిటీ వేశారు. దొంగతనం రుజువైతే ఆరేళ్ల చదువు చెరువు పాలే.

విచారణకు ముందురోజు నర్మద ఇంట్లో కూర్చుని, సారు అచ్చువేసిన పట్టిక పైకి చదువుతోంది.

“ఆగస్టు పదకొండు, నూట నలభై కిలోలు...”

వల అల్లుతున్న సిద్దయ్య చెయ్యి ఆగింది. “ఏ దినమంటివి బిడ్డా?”

“ఆగస్టు పదకొండు బాపు.”

“అది గంగమ్మ బోనాల దినం గదనే! గా దినం మనోళ్లు వల ముట్టరు. చేపలేమన్న నడుసుకుంట కట్ట మీదికొచ్చినయా?”

తల్లి మైసమ్మ పొయ్యి దగ్గర్నుంచే అందుకుంది. “సారు గా దినం మనింట్లనే ఉండె గదా. తలకాయ కూర జర ఎయ్యమ్మా అని మూడుసార్లు అడిగిండు.”

నర్మద తన దగ్గరున్న నకలు తీసింది. ఆ తారీకు ఎదురుగా ‘పండుగ. వల లేదు’ అని రాసి ఉంది. పట్టికలో ఖాళీ ఉంటే అందం చెడుతుందని సారు తానే చేపలు పట్టేశారు.

మర్నాడు నర్మద ఇచ్చిన నకలునీ, సారు పట్టికనీ పక్కపక్కన పెట్టి కమిటీ పెద్ద మేడమ్ అడిగింది. “పదకొండో తారీకున ఎవరు తూచారు?”

“నేనే, మేడమ్. తెప్ప మీద నిలబడి, నా చేత్తో,” అన్నారు సారు.

నర్మద ఫోన్ ముందుకు జరిపింది. నుదుట బండారు పసుపు, ముందు విస్తరి, చేతిలో ఎముకతో సారు నవ్వుతున్నారు. ఫొటో కింద అదే తారీకు.

సాక్ష్యానికొచ్చిన సిద్దయ్య వినయంగా చెప్పాడు. “మేడమ్, సారు గా దినం తిన్నడు. పట్టుడు మాత్రం పట్టలే.”

మేడమ్ ఫైలు ముఖానికి అడ్డం పెట్టుకుంది. నర్మద నిర్దోషి అని రాశారు, గైడును మార్చారు. కానీ వ్యాసం ఈనాటికీ ధర్మేందర్ పేరు మీదే ఉంది. నర్మద మూడు ఉత్తరాలు రాసినా పత్రిక మాత్రం ‘పరిశీలిస్తున్నాం’ అంటోంది.

అందుకే అడుగుతున్నాను. మీ ఊరికి ఎవరైనా పరిశోధనంటూ వస్తే, నోరు విప్పకముందే వ్యాసంలో ఎవరి పేర్లు పడతాయో కాగితం మీద రాయించుకోండి. విశ్వవిద్యాలయాల్లో ఉన్నవారు, మిషన్ చెప్పిన శాతం పట్టుకుని పిల్లలను నిలదీయకముందు చేతిరాత పుస్తకాలు తెప్పించి చూడండి. ఇలాంటి వ్యాసం మీ ఎరుకలో ఉంటే ఈ వారమే ఆ పత్రిక సంపాదకుడికి ఉత్తరం రాయండి. చెమటోడ్చినవాళ్ల పేరు వేయమని గట్టిగా అడగండి. కింద మీ పేరు కూడా పూర్తిగా రాయండి.