‘అట’ దగ్గర ఆగే కలం

“ముంషీ బాపు పోయిండట అక్కా.”

పొద్దున్నే పాలు పిండడానికి వచ్చిన మల్లయ్య, ఖాళీ చెంబుతో వాకిట్లోనే నిలబడి చెప్పాడు. దీపం వత్తి సరిచేస్తున్న నా చెయ్యి ఆగింది. ఆ ‘అట’ను పట్టుకుని, కాదేమోనని కాసేపు ఆశపడ్డాను. తర్వాత బయలుదేరాను.

కార్వాన్‌లో మా ఇంటికి నాలుగిళ్ల అవతలే ఆయన ఇల్లు. ఠాణా ఎదురుగా, అటుకుల దుకాణం అరుగు మీద కూర్చుని ఫిర్యాదులు రాసిపెట్టేవారు. సర్కారు కాగితాలన్నీ ఉర్దూలోనే. ఆ అక్షరం రాని మాబోటివాళ్ల గోడు ఠాణా పెద్ద అమీన్ సాబ్ దాకా చేరాలంటే ఆయన కలమే దిక్కు. ఏడ్చేవాళ్లకు ముందు మంచినీళ్లు ఇచ్చేవారు. తిట్లతో మొదలుపెట్టేవాళ్లను తిట్టనిచ్చి, “అయిందా? ఇప్పుడు పోయిందేందో చెప్పు” అనేవారు.

నాలుగేళ్ల కిందట మా బర్రె పోయింది. దాని పాల మీదే మా ఇల్లు గడిచేది. మెడతాడు కోసి తోలుకుపోయారు. అంతకు రెండు రోజుల ముందే మల్లయ్య నాతో మాటామాటా అనుకుని పని మానేశాడు. ఇంకేం ఆలోచించను? తిన్నగా అరుగు దగ్గరికి వెళ్లాను.

“రాయి బాపూ, మల్లిగాడే. పురానాపూల్ కాడ తోలుకపోతుంటే చూసిండ్రట.”

కలం ఆగింది.

“ఎవరు చూసిండ్రు?”

“పూలమ్మే ఆమె చెప్పింది.”

“ఆమె చూసిందా?”

“ఆమెకెవరో చెప్పిండ్రట.”

“రెండు అటలైనయి బిడ్డా. నేను రాస్త. అమీన్ సాబ్ పోలీసు జవాన్‌కు చెప్తడు, జవాన్ ఇంకోనికి చెప్తడు. నడుమల ‘అట’ రాలిపోతది. మల్లిగాని వీపు మీద దెబ్బలు మిగుల్తయి.”

“మరి నా బర్రె?”

“దాని కొమ్ములెట్లుంటయో చెప్పు. నువ్వు చూసింది చెప్పు.”

కోపం వచ్చింది. అయినా చెప్పాను. ఎడమ కొమ్ము కిందికి వంకర, కుడి చెవికి చీలిక, చివరిసారి పాలు పిండిన వేళ. కోసిన తాడు ముక్క వెంట తెచ్చుకోమన్నారు. రాసినదంతా తెలుగులో రెండుసార్లు చెప్పి, అప్పుడు సంతకం పెట్టించారు.

ఠాణాలోకి తోడు వచ్చారు. “కిస్ పర్ షక్ హై?” అని, ఎవరి మీద అనుమానమో చెప్పమన్నారు అమీన్ సాబ్. పేరు నాలుక చివరే ఉంది. పక్కన ముంషీ బాపు మెల్లగా దగ్గారు.

“తెల్వదు సాబ్” అన్నాను.

నాలుగోనాడు చాంద్రాయణగుట్ట దారిలో బర్రె దొరికింది. ఆ వంకర కొమ్మే పట్టించింది. తోలుకుపోతున్నవాడు మేమెన్నడూ చూడని మనిషి. మల్లయ్య ఆ వారమంతా అత్తగారి ఊళ్లో ఉన్నాడు.

అతన్ని పిలిచి మళ్లీ పనిలో పెట్టుకున్నాను. అనుమానపడ్డ సంగతి అతనికి నేనూ చెప్పలేదు, ముంషీ బాపూ చెప్పలేదు. ఎదురైనప్పుడల్లా “కొమ్ము మంచిగున్నదా బిడ్డా?” అని నవ్వేవారు, అంతే. రోజూ దీపం ముందు, ఆయన రాయని ఆ పేరును తలుచుకుని దణ్ణం పెట్టుకుంటాను.

ఆ పొద్దున వాళ్లింట్లో ఆయన్ను చాప మీద పడుకోబెట్టారు. మధ్యవేలికి సిరా మరక అట్లాగే ఉంది.

నేను తిరిగి వచ్చేసరికి మల్లయ్య పాలు పిండకుండా బర్రె పక్కనే కూర్చుని ఉన్నాడు.

“నిజమేనా అక్కా?”

“చూసిన” అన్నాను.

అతను లేచి, ఆ వంకర కొమ్ము పట్టుకుని, బర్రె నుదుటికి తన నుదురు ఆనించి నిలబడ్డాడు.