బాయ్‌కాట్ అనే ఇంటిపేరు

మా చిన్నప్పుడు... దేవదానం మాస్టారికి మా నాన్న ఒక మాట ఇచ్చాడు.

"మీ అమ్మాయి పెళ్లి ఊరేగింపు పెద్దవీధిలోంచే వెళ్తుందండి. ముందు నేను నడుస్తాను."

నాన్న మా ఊరి ప్రెసిడెంటు. మాస్టారు మాకు ఇంగ్లీషు చెప్పేవారు. కాలవ అవతల పేటలో ఉండే లూథరన్ క్రైస్తవ కుటుంబం వాళ్లది. అప్పటివరకు ఆ పేట పెళ్లి ఒక్కటీ మా పెద్దవీధి తొక్కలేదు...

పాఠం కన్నా మాటల పుట్టుక బాగా చెప్పేవారాయన. బాయ్‌కాట్ అనేది ఒక మనిషి ఇంటిపేరని ఆయన చెబితేనే తెలిసింది. ఐర్లండులో ఓ భూస్వామి తరఫున పెత్తనం చేసేవాడట. కౌలు రైతులు కూడబలుక్కుని అతన్ని వెలివేశారు. కోతకు మనిషి రాలేదు, కొట్లో సరుకు పుట్టలేదు... చివరికి అతని పేరే మాటైపోయింది. "చెయ్యెత్తకుండా గెలిచారు చూడండర్రా" అని మురిసిపోయేవారు మాస్టారు.

పెళ్లినాడు పొద్దున్నే, కోరుకొండ మొక్కు గుర్తొచ్చిందని నాన్న బస్సెక్కేశాడు.

ఊరేగింపు ఆగలేదు. ముందు మాస్టారే నడిచారు.

మర్నాటి నుంచి పేటవాళ్లను పొలం పనికి పిలవలేదు. కొట్లో కిరసనాయిలు పోయలేదు. మాస్టారింటికి పాలు మా ఇంటి నుంచే వెళ్లేవి... గుండుతో తిరిగొచ్చిన నాన్న ప్రసాదం నోట్లో వేసుకుంటూ, పాలు ఆపెయ్యమన్నాడు.

"మాటిచ్చారు కదండీ" అంది అమ్మ.

"మాటిచ్చింది నేను. ఈ ఊళ్లో బతకాల్సింది మనందరం."

నెల తిరక్కుండా మాస్టారు సామాను సర్దుకుని నరసాపురం వెళ్లిపోయారు. రేవు దాకా నేనూ వెళ్లాను. పంటు పడవ ఎక్కబోతూ, "అక్కడ రైతులు దొర మనిషికి చేశారు. మనవాళ్లు దాన్ని తిరగేశారు, చూశావా?" అన్నారు. అన్నాక నవ్వారు. ఆ నవ్వుకి నేను తల ఎత్తలేకపోయాను...

తర్వాత మాటల పుట్టుక మీద దొరికిన పుస్తకమల్లా చదివాను. ఏది తెరిచినా ముందు ఆ మాటే వెతుకుతాను. ఈ వయసులోనూ చెవులు వేడెక్కుతాయి.

ఇప్పుడు ఫోనులో రోజూ ఎవరో సినిమానో సబ్బునో బాయ్‌కాట్ అంటుంటారు. మధ్యాహ్నానికి మరిచిపోతారు. ఎవరింట్లోనూ పొయ్యి ఆరదు...

మా ఊళ్లో మాత్రం ఆనాటి సంగతిని ఇప్పటికీ 'మాస్టారి గొడవ' అంటారు. ఆయన చేసిన గొడవేంటి? కూతురి పెళ్లి చేశారు, వీధిలో నడిచారు.

మీ ఊళ్లలోనూ ఇలా తప్పు పేరు మోస్తున్న సంగతులుంటే రాయండి. మాది నేను దిద్దుతున్నాను. దానికి పెట్టాల్సిన పేరు...

ప్రెసిడెంటు వెంకటరత్నం గారు. మా నాన్న.